మామ చుట్టిన టేపు

మా మేనమామ పోయాడు. గౌలిపురలో మా ఇంటి ముందున్న పాత ఫియట్ కారుకు వైరు లాగి, "అన్నం తిని వస్త" అని పక్క గల్లీలోని తన ఇంటికి వెళ్లాడు. తిని, నడుం వాల్చి, మళ్లీ లేవలేదు. బోనెట్ ఇంకా తెరిచే ఉంది. కబురు తెచ్చిన మనిషితో నేను, "ఇప్పుడే కదా పోయిండు, వస్తడు" అన్నాను.

మామ బండ్లకు కరెంటు పని చేసేవాడు. ఆ ఫియట్ మా నాన్నది. నాన్న పోయాక దాని చోక్ కేబుల్ తెగింది. చోక్ అంటే ఇంజన్‌కు గాలి, పెట్రోలు కలిపి పంపే కార్బురేటర్ నోటికి ఉండే చిన్న రేకు మూత. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు అది మూసుకోవాలి, వేడెక్కేకొద్దీ తెరుచుకోవాలి. కేబుల్ తెగాక ఆ పని మామ చూపుడువేలు చేసేది. పొద్దున్నే లుంగీ మీదే వచ్చి, మూతను వేలితో నొక్కిపట్టి, నన్ను తాళం తిప్పమనేవాడు. ఇంజన్ అందుకోగానే "మెల్లగ... మెల్లగ..." అంటూ వేలు తీసేవాడు. నాతో అంటున్నాడో బండితో అంటున్నాడో ఏనాడూ తెలియలేదు. ఆ వేలు లేకుండా బేగంబజార్‌లో మా గిన్నెల దుకాణం ఒక్క పొద్దూ తెరుచుకోలేదు.

చివరికి తనే విసుక్కున్నాడు. "ఎన్నొద్దులు నా వేలు వట్టుకొని నడుస్తదే నీ బండి? కరెంటు చోక్ పెడుత."

అందులో స్ప్రింగు కరెంటుకు వేడెక్కి, మూత తనంతట తానే తెరుచుకుంటుంది. ఇంజన్‌కు నిప్పురవ్వ ఇచ్చే కాయిల్ పక్కనే ఉంది కదా, అక్కడి నుంచే కరెంటు ఇవ్వరాదా అన్నాను. మామకు మస్తు కోపమొచ్చింది.

"ఒకని పళ్లెంల అన్నం గుంజి ఇంకొకనికి పెడుతరా?"

కొత్త చోక్ బిగించి, దానికోసం తాళం దగ్గరి నుంచి వేరే వైరు లాగాడు. బండి ఆపితే చోక్‌కూ సెలవు దొరకాలట.

మామకు ఒక అలవాటు. చాయ్‌కి వెళ్లినా సరే, కలపని వైరు కొసకు నల్ల టేపు చుట్టి వెళ్లేవాడు. "వైరు నోరు తెరిచి పెట్టి పోవద్దు కోడలా" అనేవాడు. ఆ రోజూ చుట్టే వెళ్లాడు.

కర్మలు అయిపోయాయి. చోక్‌కు కలపాల్సిన వైరు కొస అలాగే వేలాడుతోంది. మామ వేలూ లేదు, చోక్‌కు కరెంటూ లేదు. దుకాణానికి ఆటోలో వెళ్తున్నాం. టేపు విప్పి కొస కలిపితే పని అయిపోతుంది, కానీ అమ్మ ఒప్పుకోలేదు.

"అది నా తమ్ముడు చుట్టింది. ముట్టకు."

నిజానికి నాకూ చేయి రాలేదు. బండి పక్క నుంచి నడవాలంటే భయం వేసేది. బోనెట్ కింద ఎవరో వంగి ఉన్నట్టు, బీడీ వాసన వచ్చినట్టు ఉండేది. అమ్మ ఆ వైపు కిటికీ తెరవడమే మానేసింది.

ఒక పొద్దున అమ్మే బ్లేడు తెచ్చి ఇచ్చింది.

"పని సగంల ఇడిసిపెడితే వానికి నిద్ర వట్టదు. ఇప్పు."

విప్పాను. జిగురు మీద మామ బొటనవేలి ముద్ర ఉంది. పారేయలేక ఆ ముక్కను స్టీరింగ్‌కు చుట్టాను. వైరు చోక్‌కు తగిలించి, తాళం తిప్పాను.

ఇంజన్ అందుకుంది. దిగి వచ్చి చూశాను. మూత మూసుకునే ఉంది. కాసేపటికి, ఎవరి వేలూ తగలకుండానే, కొంచెం కొంచెంగా లేవసాగింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తున్న అమ్మ, ఇంజన్ మీదికి వంగింది.

"మెల్లగ తమ్మీ... మెల్లగ" అంది.