మొదట అనుమానించాల్సిన మనిషి

మా ఎదురింటి వదిన పోయింది. నిద్రలోనే గుండె ఆగిందని డాక్టర్ చెప్పాడు. నల్లగండ్లలోని మా అపార్ట్‌మెంట్ అంతా నమ్మింది. నేను నమ్మలేదు. అంత తొందరగా నమ్మితే ఆమెకే కోపం వచ్చేది.

పదో తరగతి గట్టెక్కని నాకూ, కర్నూలు నుంచి వచ్చిన ఆమెకూ హత్యల దగ్గరే స్నేహం కుదిరింది. మధ్యాహ్నం ఆమె ఫోన్లో ఏదో ఒక హత్యకేసు కథ పెట్టేది. మెంతికూర తుంచుతూ వినేవాళ్లం. హంతకుణ్ణి ముందు కనిపెట్టలేనివాళ్లు టీ పెట్టాలి. ఎప్పుడూ నేనే పెట్టేదాన్ని. కేసులో ఉన్న అందరినీ ఆమె అనుమానించేది కాబట్టి ఎవరో ఒకరు తగిలేవారు.

పై అంతస్తులోకి కొత్త సాఫ్ట్‌వేర్ జంట దిగినరోజు, వాళ్ల ఫ్రిజ్ లిఫ్టులో పట్టక మెట్లమీద మోస్తుంటే వదిన గొంతు తగ్గించింది.

"ఉండేది ఇద్దరేనంటమ్మే. అంత ఫ్రిజ్జెందుకు?"

"ఆకుకూరలకేమో తియ్ వదినా."

"నీకు మంచితనం ఎక్కువైందిలే."

ఆ అమ్మాయికి జ్వరమొస్తే, చారు గిన్నెలతో ఆ ఫ్రిజ్ నింపి వచ్చింది కూడా వదినే. "లోపల చూసినట్టూ ఉంటాది కదా" అంది.

ఒకసారి దిండ్లను దుప్పట్లో మనిషిలా చుట్టి, ఆమెకు వినపడేలా వరండాలో ఈడ్చుకెళ్లాను. తలుపు తీసి, కిందినుంచి పైదాకా చూసింది.

"కాళ్లు మడిచి కట్టల్ల. ఇట్లయితే లిఫ్టు కాడనే దొరికిపోతావ్."

అని తలుపేసుకుంది.

నాకొక పని కూడా అప్పగించింది. "నేను పోతే మొదట మా ఆయన్నే అనుమానించు. ఎప్పుడైనా మొగుడే." నవ్వుతూనే అని, చేతిలో చెయ్యి వేయించుకుంది.

కాబట్టి ఆయన్ను కనిపెట్టి ఉన్నాను. ఏడవలేదు. అనుమానం. ఆమె టీ గ్లాసు అప్పుడే తోమి బోర్లించాడు. మరీ అనుమానం. నా తలుపుకున్న అద్దపు కన్నులోంచి చూస్తుంటే, వాళ్ల తలుపు కన్నులో వెలుగు మాటిమాటికీ నల్లబడేది. ఆయన కూడా ఇటే చూస్తున్నాడు. తప్పు చెయ్యనివాడికి ఆ పనెందుకు?

చావింట్లో పొయ్యి వెలగదని పప్పన్నం పట్టుకెళ్లాను. గిన్నె అందుకోలేదు.

"ముందు నువ్వు ఒక ముద్ద తిను చెల్లెమ్మా."

"గదేంది అన్నా?"

ఆయన నేలకేసి చూశాడు. "మీ వదిన మాట తీసుకునింది. నేను పోతే మొదట ఎదురింటిదాన్ని అనుమానించు, అది తినకుండా పెట్టింది ముట్టొద్దు అని."

గడప దగ్గరే కూర్చుని తిన్నాను. నాకేమీ కాలేదని చూసుకున్నాక ఆయనా కలుపుకున్నాడు.

"ఉప్పు లేదు చెల్లెమ్మా," అన్నాడు. అప్పుడు ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఎవరు ఎక్కువ ఏడ్చారో చూసుకోవడానికి ఆమె లేదు.

ఇప్పుడు రోజూ గిన్నె ఇచ్చి వచ్చాక నా తలుపు వెనక నిలబడతాను. ఎదుటి తలుపులోని వెలుగుచుక్క నల్లబడుతుంది. ఆయన కదిలి, అది మళ్లీ వెలిగేదాకా నేనూ కదలను.