లాండ్రీ గదిలో పొదిగిన పెట్ట

మొన్న మెల్‌బోర్న్ శివారు క్లైడ్ నార్త్‌లో మా వీధిలోకి కొత్తగా వచ్చిన జంట, పెరట్లో పెట్టుకోవడానికి ఓ చిన్న కోళ్ళగూడు కొనుక్కొచ్చి, ఈ చలికి కోళ్ళు తట్టుకుంటాయా ఆంటీ అని నన్నడిగారు. తట్టుకుంటాయని చెప్పి లోపలికొచ్చానే గాని, టీ చల్లారిపోయేదాకా నా ధ్యాసంతా చదువుకునే రోజుల మీదే ఉండిపోయింది.

అప్పట్లో ఇక్కడికి వచ్చి పడినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, మెల్‌బోర్న్‌కి ఈ పక్కంతా పొలాలే. నేను నాన్నగారి స్నేహితుడి ఇంట్లో ఉండి యూనికి, అదే యూనివర్సిటీకి, వెళ్ళేదాన్ని. అంకుల్ ఆసుపత్రిలో నైట్ డ్యూటీ చేసేవారు, ఆంటీకి ఇల్లూ చర్చీ తప్ప మరో లోకం లేదు. ఇద్దరూ నన్ను కన్నకూతురిలా చూసుకున్నారు, అలాగే కట్టడి కూడా చేశారు. చీకటి పడకముందే ఇంటికి చేరాలి, సిటీలో స్నేహితురాళ్ళతో ఉంటానంటే మీ నాన్నకి మేమేం జవాబు చెప్పాలి అనేవారు. అంత ప్రేమని ఏ మాటతో కాదనాలో తెలియక, కిటికీలోంచి పొగమంచు చూస్తూ కూర్చుంటే నాకు ఊపిరాడనట్టుండేది.

ఆ జులైలో, ఇక్కడ నడి చలికాలంలో, వాళ్ళమ్మగారికి జబ్బు చేసిందని ఆంటీ భీమవరం వెళ్ళారు. వెళ్ళిన కొద్ది రోజులకే ఆవిడ ముద్దుగా పెంచుకునే సిల్కీ పెట్ట, తెల్లటి దూదిలాంటి ఈకలున్నది, పొదగడానికి కూర్చుంది. కింద ఒక్క గుడ్డు లేదు. అయినా మేతకి లేవదు, దగ్గరికెళితే ఒళ్ళంతా ఉబ్బించి పొడవబోతుంది. ఎత్తి చూస్తే ఈకల కింద ఎముకే తగిలింది. పక్క పొలం పెద్దావిడని అడిగితే, పొదుగు మాన్పించాలంటే కిందనుంచి గాలి తగిలే తీగల బోనులో ఉంచాలి, ఈ మంచులో అది బతకదు, అంతకన్నా దాని కింద గుడ్లే పెట్టు అని, తన మందలో పుంజు ఉంది కాబట్టి తనే నాలుగు ఇచ్చింది. అంకుల్‌ని బతిమాలి పెట్టని ఇంట్లో బట్టలుతికే లాండ్రీ గదిలోకి తెచ్చి, అట్టపెట్టెలో గడ్డి పరిచాను. రోజూ పొద్దున్నే దాన్ని ఎత్తి దించి, నూకలూ గోరువెచ్చని నీళ్ళూ పెట్టి, గుడ్లు చల్లబడేలోపు మళ్ళీ కూర్చోబెట్టేదాన్ని.

సరిగ్గా అప్పుడే యూని స్నేహితురాలు ఫోన్ చేసింది, తమ ఇంట్లో గది ఖాళీ అయిందట, వెంటనే రాకపోతే వేరేవాళ్ళకి పోతుందట. అంకుల్‌కి రాత్రంతా డ్యూటీ, పగలంతా నిద్ర, నేను వెళ్ళిపోతే పెట్టని చూసేవాళ్ళు లేరు. రాలేనని చెప్పి, లాండ్రీలో చల్లటి గచ్చు మీద కూర్చుని, ఆ పెట్ట మీద కోపంతో ఏడ్చాను. అది కదలనైనా లేదు.

మూడు పిల్లలు లేచాయి. తిరిగొచ్చిన ఆంటీ వాటిని ఒళ్ళో పెట్టుకుని మురిసిపోయారు. కొన్నాళ్ళకి, ముగ్గురం భోజనానికి కూర్చున్నప్పుడు ఉన్నట్టుండి అన్నారు.

“మీ ఫ్రెండ్ మళ్ళీ ఫోన్ చేసిందమ్మా, నేనే తీశాను. రూమ్ వద్దన్నావంట. నా కోడి కోసమా?”

అవునన్నట్టు తలూపాను.

“ఇంకో రూమ్ చూసుకో. మీ డాడీకి నేను చెప్తాలే. ఈ ఇంట్లో కూర్చుండిపోవడానికి నేనొక్కదాన్ని చాలు.”

అంకుల్ అన్నం కలపడం ఆపేశారు. ఆవిడ ఆయనవైపు చూడకుండా పెరుగు గిన్నె నావైపు జరిపారు. నెల తిరక్కుండా నా సూట్‌కేసులు అంకులే కారులో పెట్టారు.

ఇప్పుడొచ్చే ఆడపిల్లలు విమానం ఎక్కేముందే ఫోన్లో గది కుదుర్చుకుంటున్నారు, ఎవరి అనుమతీ అడగక్కర్లేదు, చూస్తే నాకు సంతోషమే. వాళ్ళ కోసం ఎవరూ భర్త ముందు నోరు విప్పాల్సిన పనీ లేదు. మా కోసం అలా విప్పినవాళ్ళు మాత్రం చాలామంది ఉన్నచోటే ఉండిపోయారు. మా ఆంటీ ఆ ఇంట్లోనే పోయారు.