చెలమలో వేసిన బ్లీచింగు పొడి

మా ఆయనకు కొండమీది బడిలో ఉద్యోగం వచ్చిన ఏడాది, పదినెలల పాపను ఎత్తుకుని చోడవరం నుంచి ఘాట్ రోడ్డెక్కాను. మేమున్న ఊరు ఒక పెద్ద చెరువును ఆనుకుని ఉండేది. పొద్దున్నే మంచు విడేదాకా అవతలి ఒడ్డు కనిపించేది కాదు.

గేదెలు దిగేది ఒక పక్క, బట్టలుతికేది ఇంకో పక్క. వలలు వేసేది కలువలు లేని నడిమి నీళ్లలో. తాగడానికి మాత్రం చెరువులో ఎవరూ బిందె ముంచరు. ఎగువన కొండవాగు, వాళ్ల మాటలో గెడ్డ, వచ్చి కలిసేచోట, ఒడ్డుకు నాలుగడుగుల దూరంలో ఇసుకలో గొయ్యి తవ్వుతారు. దాన్నే చెలమ అంటారు. చెరువు నీరు ఇసుకలోంచి వడకట్టుకుని అందులోకి ఊరుతుంది. దోమపిల్లల్ని తింటాయని కొన్ని చిట్టి చేపల్ని వదులుతారు. అవి తిరుగుతున్నంతకాలం నీళ్లు మంచివని వాళ్ల నమ్మకం.

నాకు ఆ చేపలే నచ్చలేదు. చేపలున్న నీళ్లు నా కూతురు తాగడమేమిటి? కాచి, వడకట్టి, మళ్లీ కాచేదాన్ని. అయినా వానలు పడ్డ వారానికే పాపకు విరేచనాలు పట్టుకున్నాయి. రెండోరోజుకి కళ్లు లోతుకుపోయాయి. నర్సమ్మ ఇచ్చిన ఓఆర్ఎస్ చెంచాతో పడుతూనే ఉన్నాను గానీ, నా బుర్రంతా ఆ నీళ్ల చుట్టూనే తిరిగింది. చోడవరంలో వానాకాలం రాగానే మా అమ్మ నూతిలో బ్లీచింగు పొడి వేయించేది. ఆ సాయంత్రం రేవులో ఎవరూ లేనప్పుడు, పుట్టింటినుంచి తెచ్చుకున్న పొడి మూడు గుప్పెళ్లు చెలమలో వేసేశాను. బీయస్సీ చదివినదాన్ని. మా నుయ్యెంత, ఈ గొయ్యెంత అని ఒక్క క్షణం ఆలోచించలేదు.

తెల్లారేసరికి చేపలు పొట్టలు పైకి పెట్టి తేలాయి. పాపను చంకనేసుకుని నేనూ బిందెతో వెళ్లేసరికి, నీళ్లకొచ్చినవాళ్లు ఆగిపోయి ఉన్నారు. ఎవరో విషం కలిపారన్నారు. నిన్న తన పిల్లలు ఈ నీళ్లే తాగారని ఒకామె ఏడుపు మొదలుపెట్టింది. అది విన్నాక ఊరుకోలేకపోయాను.

"విషం కాదు. బ్లీచింగు పొడి. నిన్న చీకటి పడబోతుంటే నేనే వేశాను" అన్నాను.

పక్కింటి ముసలమ్మ నా ముందుకొచ్చింది. "సదువుకున్న గుంటవి, ఓ మాట అడగలేకపోయేవేటి?"

"పాపకి బాగోలేదు మామ్మా. భయమేసింది."

"బయమేస్తే మా మంచినీళ్లలో పోసీడమేటి? నీకొక్కదానికే ఉన్నారా పిల్లలు?"

"సేపలకి తానం సేయించీసింది మేష్టారి పెళ్లాం" అని వెనకనుంచి ఎవరో అన్నారు. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

ముసలమ్మ పార తెప్పించింది. పాత నీళ్లు చెరువులోకి పోకుండా దూరంగా బీడు నేలలో పొయ్యమంది. పాపను నా చేతుల్లోంచి తీసుకుని, చెట్టుకింద కూర్చుని తనే చెంచాతో ఓఆర్ఎస్ పట్టింది. నేను బకెట్లు మోశాను. పదడుగుల ఎగువన మగవాళ్లు కొత్త చెలమ తవ్వారు. మొదట బురద ఊరింది. తోడేశాం. మళ్లీ బురదే. మూడోసారికి అడుగున గులకరాళ్లు కనిపించాయి.

అప్పటికి మధ్యాహ్నమైంది. అయినా ఒక్కరూ బిందె ముంచలేదు. అందరూ నన్నే చూస్తున్నారు.

"ముందు నువ్వు తాగు" అంది ముసలమ్మ.

మోకాళ్లమీద కూర్చుని దోసిలి పట్టాను. నీళ్లు చల్లగా, కాస్త ఇసుక రుచిగా ఉన్నాయి. మూడు దోసిళ్లు తాగాను.

"ఇంకేటి సూస్తన్నారు? ముంచండి" అంది ముసలమ్మ.

ముందు కదిలింది పొద్దున ఏడ్చినామె. తన బిందె నింపుకుని, నా వైపు చూడకుండానే చెయ్యి చాపి నా బిందె కూడా అందుకుంది.