గ్రామా అనే చేప

మా ఎదురింటి అక్కగారు కువైట్‌లో ఒకరింట్లో వంటపని చేసేవారు. రాజోలులో మాకు వీడియో కాల్ చేసినప్పుడల్లా తన ముఖం చూపించకుండా, హాల్లో ఉన్న అద్దాల చేపల తొట్టినే చూపించేవారు.

అందులో చిన్న రాతిగుహ. దాని పైకప్పు కింద ముందు సగం ఊదా, వెనక సగం పసుపు రంగున్న చేప తలకిందులుగా ఈదుతుండేది.

"దీన్ని గ్రామా అంటారంటండి. మన గ్రామమేనండి!" అని నవ్వేవారు.

ఆ ఇంట్లో ఎవరికీ తెలుగు రాదు. మేత వేస్తూ రోజూ దానితోనే మాట్లాడేవారట.

ఆరేళ్లకి ఆవిడ తిరిగొచ్చారు. చూడ్డానికి వెళ్లి, "ఇప్పుడు హాయిగా ఉందా అక్కా?" అన్నాను.

"ఆయ్" అన్నారు. మళ్లీ తనే, "వచ్చేసే రోజు పిలిస్తే గుహలోంచి బయటికొచ్చిందండి. వెళ్లిపోతన్నానని చెప్పలేకపోయేను" అన్నారు.