కనుబొమ్మ కదపని మధ్యాహ్నం

2022. వికారాబాద్‌లో వినికిడి లేని పిల్లలకు సైగల భాష నేర్పే టీచర్ని నేను. ఆసుపత్రుల్లో, కోర్టుల్లో అవసరమైతే ఇంటర్‌ప్రెటర్‌గానూ వెళ్తాను. సైగను మాటగా, మాటను సైగగా మార్చాలి. ఒక్క ముక్క కలపకూడదు, ఒక్క ముక్క మింగకూడదు. ఈ భాషలో చేతులెంతో మొహమూ అంతే. కనుబొమ్మ లేస్తే ప్రశ్న, పెదవి బిగిస్తే కాదనడం. అందుకే నా మొహంలో ఏదీ దాగదు. నేను అబద్ధమాడితే పిల్లి కూడా పసిగడుతుందని మా ఇంట్లో నవ్వుతారు.

ఆ వానాకాలం నవాబుపేట దగ్గరి ఊరి నుంచి మల్లయ్య ఫోన్ చేశాడు. గొర్లు కాసుకునే మనిషి. ఆయన కూతురు లావణ్యకు పదహారేళ్లు, పుట్టుకతోనే వినబడదు, నా దగ్గరే చదువుతోంది.

"మేడం, బిడ్డను ఎవరో ఎత్తుకపోయిండ్రు. పోలీసోళ్లకు చెప్తే సంపుతమంటున్నరు. రోడ్డు పక్క పొలం రాసియ్యాల్నంట. మధ్యాహ్నం వీడియోల సూపిస్తరంట. అది ఏం జెప్తదో మాకు దెల్వదు. జర రాండ్రి."

నేను వెళ్లేసరికి ఇంట్లో తల్లి మూల కూర్చుని ఏడుస్తోంది. మల్లయ్య తమ్ముడు అంజయ్య కూడా ఉన్నాడు. చిన్నప్పుడు పోగు తెగి అతని చెవితమ్మె రెండుగా చీలి ఉంది. నేను రావడం అతనికి నచ్చలేదు. "మూగపిల్ల ఏం జెప్తది? మేడంను ఎందుకు పరేషాన్ జేస్తవన్నా" అన్నాడు.

ఫోన్ మోగింది. మల్లయ్యా నేనూ పక్కపక్కన కూర్చున్నాం. అంజయ్య ఎదురుగా నిలబడ్డాడు. అతనికి తెర కనబడదు, మా మొహాలే కనబడతాయి. తెర మీద లావణ్య, ఆమె భుజం మీద ఎవరిదో చెయ్యి. నన్ను చూడగానే ఆమె చేతులు గబగబా కదిలాయి.

మా భాషలో ప్రతి మనిషికీ అతని గుర్తును బట్టి ఒక సైగ పేరు పెడతారు. లావణ్య రెండు వేళ్లను కత్తెరలా చేసి చెవితమ్మెను కత్తిరించింది. బాబాయి. తర్వాత బండి నడుపుతున్నట్టు సైగ. ఆ తర్వాత ఒక అరచేతిని రెండో చేతి అంచుతో కోసింది. బండలు కోసే ఊరు, తాండూరు.

తన గుట్టు చెప్పేసిందని తెలిస్తే ఆ బాబాయి పిల్లను ఇంటికి తిరిగి రానిస్తాడా? అంజయ్య కళ్లు నా మొహం మీదే ఉన్నాయి.

"ఏమంటుంది మేడం?" అన్నాడు మల్లయ్య.

"అన్నం తిన్నదంట. మంచిగనే ఉన్నదంట" అన్నాను.

లావణ్య మళ్లీ అదే చెప్పింది. ఇంకోసారీ చెప్పింది. నేను కనుబొమ్మ కూడా కదపలేదు. ఫోన్ కట్టయింది.

మల్లయ్యకు చెబితే ఆయన మొహమే మమ్మల్ని పట్టిస్తుంది. బస్సుకు టైమైందని లేచాను. "నేను దించుత, కూసోండ్రి మేడం" అన్నాడు అంజయ్య. వద్దంటే అనుమానం. బండెక్కాను. దారంతా ఆ చీలిన చెవి నా కళ్ల ముందే ఉంది.

"గంతేనా మేడం? ఇంకేం జెప్పలే?"

"భయపడ్డది పాపం, ఏం జెప్తది?" అన్నాను. ఆ గొంతు నాది కానట్టుంది. బస్సు కదిలి అతను కనుమరుగయ్యాకే పోలీసులకు ఫోన్ చేశాను.

వాళ్లు అంజయ్యను పట్టుకుని అడిగితే చోటు చెప్పాడు. మర్నాడు పొద్దున తాండూరు దగ్గర మూతబడ్డ బండల పాలిషింగ్ షెడ్డులో లావణ్య ప్రాణాలతో దొరికింది. ఆసుపత్రిలో పరీక్షలకు ఇంటర్‌ప్రెటర్‌గా నన్నే పిలిచారు. ఆ పిల్ల నా వంక చూడటం లేదు. రాత్రి కాపలా ఉన్న అంజయ్య మనుషులను చూసి చాలా భయపడ్డావా అని అడిగాను.

"మీ మొహం చూసి భయపడ్డాను. మూడుసార్లు చెప్పాను. మీక్కూడా అర్థం కాలేదనుకున్నాను. ఇక నా మాట ఎవరికీ అర్థం కాదనుకున్నాను" అంది.

నాకు ఏడుపాగలేదు. నేను చేసింది తప్పని ఈనాటికీ అనుకోను, మళ్లీ అలాంటి రోజొస్తే అదే చేస్తాను. కానీ అంతవరకు ఎదుటి మనిషి మాట అర్థమైతే నా పని అయిపోయినట్టేననుకునేదాన్ని. అర్థమైందని ఆ మనిషికి తెలిసేదాకా పని అవలేదని ఆ పిల్ల నేర్పింది.

"ఏమంటోంది మేడం?" డాక్టరమ్మ అడుగుతోంది. ముందు లావణ్యకు తల ఊపాను. ఆమె నా కళ్లలోకి చూసేదాకా ఊపుతూనే ఉన్నాను. తర్వాతే డాక్టరమ్మ వైపు తిరిగాను.