బండి కూత కోసం మరిగిన పులుసు

మా ఇంట్లో గోడ గడియారం లేదు. ఉన్న ఒక్క గడియారమూ మా మామగారి జేబులో ఉండేది. ఆయన గార్డు కాబట్టి అది కూడా ఆయనతోపాటే బండెక్కి పోయేది. అందుకని రాయపూర్ రైల్వే క్వార్టర్లలో మా వరస ఆడవాళ్ళమంతా బళ్ళ కూతలు విని వంట చేసుకునేవాళ్ళం. మందిర్ హసౌద్ వైపు నుంచి వచ్చే విజయనగరం ప్యాసింజరు పొద్దెక్కాక సిగ్నలు దగ్గర కూత వేసేది. ఆ కూతకి అన్నం వార్చాలి, పులుసు దించాలి. పక్కింటి బెంగాలీ ఆవిడ కూడా ఆ కూత వినే చేపముక్కలు నూనెలో వేసేది.

స్వతంత్రం వచ్చిన కొత్తలో నేను ఆ ఇంటికి చిన్నకోడలిగా వచ్చాను. అత్తగారు అప్పటికే లేరు. వంటిల్లు మా పెద్ద తోటికోడలి చేతిలో ఉండేది. ఆమెని అక్కా అని పిలిచేదాన్ని. ఊరికే పిలుపుకి కాదు, నాకు సొంత అక్క లేని లోటు తీరిందని మా అమ్మతో చెప్పుకున్నాను కూడా. ఆమెకి పిల్లలు లేరు. ఆ ఊరొచ్చి అన్నేళ్ళయినా రెండు మూడు మాటలు తప్ప హిందీ నోటికి పట్టలేదు. కూరలమ్మేదానితో వేళ్ళు చూపించే బేరమాడేది. తెలుగువాళ్ళ ఇళ్ళు పట్టాలకి అవతల ఉండేవి, కోడళ్ళు పట్టాలు దాటి కబుర్లకి పోవడం మామగారికి గిట్టదు. అందుకని మధ్యాహ్నాలు ఆమె, నేనూ పెరట్లో కూర్చుని చింతపండు వలుస్తూ లోకంలో ఉన్న మాటలన్నీ మాట్లాడుకునేవాళ్ళం.

మా ఆయనది మందిర్ హసౌద్ దాటి చాలా లోపలికి పోయాక వచ్చే చిన్న స్టేషనులో ఉద్యోగం. రెండు గదుల క్వార్టరు కూడా ఇచ్చారు. నన్ను తీసుకెళ్తానని ఆయన పెళ్ళయినప్పటి నుంచీ అంటున్నారు. మామగారే ఒప్పుకోలేదు. వంట రాని పిల్లని అడవిలో పడేస్తే ఇద్దరూ పస్తులుంటారని ఆయన వాదన. వెళ్ళాలని నాకెంత ఉండేదో ఇప్పుడు చెప్పినా ఎవరికీ అర్థం కాదు. మొగుణ్ణి నెలకోసారి చుట్టంలా చూడటం ఒక కాపురమా?

చివరికి మామగారు ఒక మెట్టు దిగారు. "ఆదివారం విజయనగరం నుంచి మా అన్నయ్య వస్తన్నాడు. ఆ పూట వంట నువ్వొక్కదానివే చెయ్యాలి. నెగ్గుకొచ్చేవా, ఆడి దగ్గరికి పంపించీస్తాను. లేదా, పైయేడు చూద్దాం" అన్నారు.

ఆ ఆదివారం నేను ముక్కల పులుసు పెట్టాను. గుమ్మడికాయ, ఆనపకాయ, ములక్కాడ, చిలగడదుంప, చివర్లో బెల్లం. రాచ్చిప్పలో పెట్టాను, పులుసుకి రాతి గిన్నె రుచే వేరు. దానితో ఒక చిక్కు ఉంది. రాయి ఒకసారి వేడెక్కితే పొయ్యి మీంచి దించినా పులుసు కుతకుతలాడుతూనే ఉంటుంది. కాబట్టి ముక్క ఇంకాస్త ఉడకాలి అనుకుంటుండగానే దించెయ్యాలి. ఆ అదను అందరం కూతతోనే పట్టేవాళ్ళం.

మామగారు డ్యూటీ దిగి స్టేషనులోనే అన్నగారి కోసం ఆగిపోయారు. బావగారు, అంటే అక్క మొగుడు, స్టేషనులో రాత్రి డ్యూటీ చేసి వచ్చి లోపల నిద్రపోతున్నారు. నేను పొయ్యి ముందు, అక్క గుమ్మం దగ్గర. మూత తీసి చూస్తే గుమ్మడి ముక్క అంచులు కరగడం మొదలయింది. కూత మాత్రం వినపడలేదు.

"అక్కా, దించీమంటావా?" అని అడిగాను.

"కూత వినబడిందేటి?"

"లేదు."

"మరింకేటి, ఉండనీ. గాడీ రానీ" అంది, తలెత్తకుండా.

నా కళ్ళని కాదని ఆమె మాట నమ్మాను. ఇంకాసేపటికి మళ్ళీ అడిగాను, మళ్ళీ అదే మాట. అడుగంటిన వాసన తగిలాక గానీ నాకు భయం పుట్టలేదు. మూత తీస్తే గుమ్మడి లేదు, ఆనప లేదు. ములక్కాడ పీచులు మాత్రం జావలో తేలుతున్నాయి. పొయ్యి ముందే కూలబడి ఏడ్చాను.

అప్పుడు లేచి వచ్చింది అక్క. "ఏడుపెందుకే, జల్దీ లే. అడుగు కలపకు" అంది. రాచ్చిప్పని కదపకుండా పైపైన తేరుకున్నదంతా గరిటెతో ఇత్తడి గిన్నెలోకి తోడింది. అడుగున మాడిన పొరని ముట్టుకోనివ్వలేదు. జావగా ఉన్నదాన్ని వేడి నీళ్ళతో పలచన చేసి, చింతపండు రసం ఇంకాస్త పోసింది. నా చేత బెండకాయలూ ఉల్లిపాయలూ పెద్ద పెద్ద ముక్కలుగా తరిగించి, నూనెలో విడిగా వేయించి అందులో కలిపింది. కరిగిపోయిన గుమ్మడి పులుసుకి చిక్కదనమయింది. మాడు వాసన మిగలకుండా మెంతులూ ఎండుమిరపకాయలూ ఇంగువా దండిగా వేసి కొత్త పోపు పెట్టింది. నాలిక మీద వేసుకుని చూశాను. బెండకాయ పులుసే, ఎవరూ వేలెత్తి చూపలేరు. ఆమె చేతులు పట్టుకుని కళ్ళకద్దుకున్నాను.

అప్పుడెప్పుడో బండి కూసింది.

పెద్దమామగారు పులుసు మారు వేయించుకున్నారు. "మనమ్మ చేతి రుచి కాదు గానీ, దాని పక్కన కూర్చోబెట్టొచ్చురా" అన్నారు తమ్ముడితో. మామగారు మీసం తుడుచుకుని నా వైపు చూశారు. నేను తలుపు చాటు నుంచి చూస్తున్నాను. మనసులో అప్పుడే ట్రంకుపెట్టె సర్దేసుకుంటున్నాను.

"పులుసు చిన్నది మాడ్చీసింది మావయ్యగారూ. నేనే మళ్ళీ చేసేను" అంది అక్క, వడ్డిస్తున్న గరిటె ఆపకుండానే.

చెవులు నావేనా అనిపించింది. అప్పటిదాకా తలవంచుకుని తింటున్న బావగారు ఆశ్చర్యంగా తలెత్తారు.

"కూత కోసం చూసి మాడ్చిందేటి? ఇవాళ గాడీ లేటని పొద్దుటే చెప్పేను కదే నీకు. చిన్నదానికి చెప్పలేదా?"

అక్క మజ్జిగ చెంబు తీసుకుని లోపలికి పోయింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని మా అమ్మ అంటుంటే అదేదో పప్పుల సామెత అనుకునేదాన్ని.

మామగారు ఆ లెక్కలోకి పోలేదు. "ఎవరు చెప్తే ఏటి, చెప్పకపోతే ఏటి. రేపు ఆ అడివిలో గాడీ లేటయితే ఆడికి మాడు పెడతావా? పైయేడు చూద్దాంలే" అని చెయ్యి కడుక్కోవడానికి లేచారు.

మగవాళ్ళు పడుకున్నాక పెరట్లోకి వెళ్ళాను. ఆమె రాచ్చిప్పలో బూడిద పోసి తోముతోంది.

"తెలిసి కూడా ఎందుకు చెప్పలేదు?" అన్నాను. అక్కా అనలేదు.

ఆమె ఇంకో గుప్పెడు బూడిద పోసింది. మాడు గీస్తూనే అంది.

"నువ్వెళ్ళిపోతే నేనెవరితో మాట్లాడతానే?"

జాలి పడాలి కాబోలు. నాకు ఒళ్ళు మండింది. అడిగి ఉంటే నేనే ఇంకో నెల ఉండేదాన్నేమో. అడగలేదు. నా పులుసు మాడ్చి, నా కన్నీళ్ళు తుడిచి, నా చేత దండం పెట్టించుకుని, ఆ తరవాత తడిగుడ్డతో గొంతు కోసింది. మొదటిది ఒక్కటే చేసి ఊరుకున్నా నేను ఈపాటికి మరచిపోయేదాన్ని. ఆ మధ్యలో నాకు పోపు పెట్టడం నేర్పింది చూడండి, అదే మరపు రాదు.

మా ఆయన ఎప్పుడొచ్చి అడిగినా మామగారిది పైయేడు మాటే. ఏడాది పట్టింది నేను ఆ ఇల్లు కదలడానికి. ఆ ఏడాదీ ఇద్దరం ఒకే పొయ్యి దగ్గర వండాం, ఒకే చేటలో బియ్యం ఏరాం. "గాడీ టైముకే వస్తందట" అని ఆమె రోజూ పొద్దుటే చెప్పేది. నేను లేచి మూత తీసి నా కళ్ళతోనే చూసుకునేదాన్ని. మధ్యాహ్నాలు చింతపండు వలవడానికి పెరట్లో ఎదురెదురుగానే కూర్చునేవాళ్ళం. ఆమె ఏదో ఒకటి మొదలుపెట్టేది. మా ఊరి సంగతి అడిగేది, మా అమ్మ సంగతి అడిగేది.

మాట్లాడటానికి మనిషి కావాలని నన్ను ఆపుకుంది. మనిషిని ఇచ్చాను. మాట మాత్రం ఒక్కటీ ఇవ్వలేదు.