నాగలి దాచిపోయిన మనిషి

ఒక అబద్ధాన్ని మోస్తూ మోస్తూ ముసలిదాన్నయ్యాను. ఇన్నేళ్లూ దించుకునే చోటు దొరకలేదు. నీ దగ్గర దించుతున్నాను. ఓదార్చకు. విను.

మాది కట్టంగూర్ పక్క పల్లె. పోలీసు యాక్షన్ అయిపోయి, కొత్త కౌలు చట్టం వచ్చిన రోజులు. మా పొలం దున్నే మల్లయ్య పేరు తహసీలు కచేరీలో రక్షిత కౌలుదారుగా ఎక్కింది. అంటే విచారణ జరపకుండా, అతని మాట వినకుండా పొలం నుంచి లేపడానికి లేదు. మా ఆయన పళ్లు నూరాడు. నేనూ నూరాను.

ప్రతి ఎండాకాలం మల్లయ్య ఇంటిల్లిపాదీ గొర్లను తోలుకుని మేత కోసం కృష్ణ ఒడ్డుకు పోయేవారు. తొలకరికి తిరిగొచ్చేవారు. ఆ ఏడు పోతూ పోతూ నాగలిని మా కొట్టంలో పెట్టారు. చెదలు పట్టకుండా చూడమని అతని భార్య ఈరమ్మ నాకు అప్పగించింది. సరేనన్నాను. వాళ్లు ఊరు దాటాకే మా ఆయన ఖాళీ చేయించమని దరఖాస్తు పెట్టాడు. ఆ అదను చెప్పింది ఎవరు? నేనే.

విచారణ నోటీసు పట్టుకుని కచేరీ చప్రాసి వచ్చాడు. మల్లయ్య గుడిసె వాకిట్లో కంప అడ్డంగా ఉంది. మా అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగుతూ నన్నడిగాడు.

“పటేలమ్మా, మల్లయ్య ఎప్పుడొస్తడు?”

“ఇంకేడొస్తడు! ఊరిడిసి పోయిండు.”

“దున్నే భూమి ఇడిసి ఎవడన్న పోతడా?”

“నీకెందుకయ్యా గా ఫికరు? రాసుకో.”

“మజ్జిగ పల్చగ, మాట చిక్కగ. మంచిగుంది పటేలమ్మా!”

నవ్వుకుంటూ రాసుకున్నాడు. కింద నేను వేలిముద్ర వేయలేదు, సంతకం పెట్టాను. నా రెండో తరగతి చదువు అందుకు పనికొచ్చింది. విచారణకు మల్లయ్య రాలేదు. ఎలా వస్తాడు? ఉత్తర్వు మా పక్షాన వచ్చింది.

తొలకరి పడింది. మల్లయ్య ఈరమ్మను వెంటబెట్టుకుని నాగలి కోసం నేరుగా మా కొట్టానికే వచ్చాడు. మా ఆయన, జీతగాళ్లు అతన్ని పడేసి తన్నారు. కట్టె తెమ్మని మా ఆయన అరిచాడు. మన కట్టె విరిగితే దండగ కదా అనుకున్నాను. ఆ క్షణంలో కూడా నాకు తోచింది అదే. మల్లయ్య నాగలికున్న మేడినే ఊడదీసి అందించాను. అతను రోజూ చేత్తో పట్టి దున్నిన మేడి. దాంతోనే అతని కుడి మోచేయి నలగ్గొట్టారు. ఎండు కంప తొక్కినట్టు చప్పుడైంది. అడ్డం పడిన ఈరమ్మ నెత్తి పగిలింది. రక్తం కళ్లలోకి కారుతున్నా తుడుచుకోకుండా నన్నే చూసింది.

“అక్కా, నాగలి నీకే అప్పజెప్పి పోతిమి గదనే!”

ఆ చేత్తో అతను మళ్లీ మేడి పట్టలేదు. అయినా హైదరాబాద్ పెద్ద కోర్టు దాకా పోయాడు. ఇతనికి చెప్పుకునే వీలిచ్చారా అని జడ్జి ఒక్కటే అడిగాడట. మా వకీలు నా సంతకం చూపించాడు. ఊరు విడిచిన మనిషికి నోటీసు ఎక్కడిస్తారన్నాడు. ఉత్తర్వు నిలిచింది.

అప్పుడైనా నోరు విప్పొచ్చు కదా? భయమా? కాదు. పొలం. ఆ పొలం జొన్నలే నా పిల్లలు తిన్నారు, నేనూ తిన్నాను.

మల్లయ్య చనిపోయాడు. ఈరమ్మ ఎక్కడుందో తెలియదు. మన్నించమని ఎవరినీ అడగను. చప్రాసి అడిగినదానికి మాత్రం ఇప్పుడు జవాబు చెబుతాను.

మల్లయ్య ఎప్పుడొస్తడు?

వానలు పడంగనే వస్తడు. నాగలి నా దగ్గరనే పెట్టి పోయిండు.